నెల్లూరు ఎండకు అస్తరు లేని కోటు: పనికొస్తుందా, ఫ్యాషన్ పిచ్చా?

కావలి_పెళ్ళికొడుకు:
మే నెలలో పెళ్ళి, రిసెప్షన్ నెల్లూరులో. ఒక డిజైనర్ సమ్మర్ కలెక్షన్ ఫోటోలు చూసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. భుజాలకు ప్యాడ్ లేదు, లోపల అస్తరు (లైనింగ్) లేదు, లినెన్ కోటు, ప్లీట్ల లూజు ప్యాంటు. మా నాన్నేమో "అది కోటా, నైట్ డ్రెస్సా" అంటున్నాడు. హాలుకు ఏసీ లేదు. కుట్టించుకోమంటారా?

ఒంగోలు_బాబాయ్:
మీ నాన్న మాటే నాదీ. మన ఎండలకు కోటే దండగ, మళ్ళీ అందులో లూజు కోటు, టైటు కోటు అని రకాలా! శుభ్రంగా పంచె, లాల్చీ వేసుకో అబ్బాయ్. ఎండాకాలం కోటు తొడిగిన పెళ్ళికొడుకు ప్రతి ఫోటోలోనూ కర్చీఫుతోనే ఉంటాడు.

ట్రంకురోడ్డు_టైలర్:
బాబాయ్, పంచె విషయంలో మీతో వాదన లేదు. కానీ ఒంటిని ఉడకబెట్టేది పై గుడ్డ కాదు, లోపలి సరుకు. చౌక రెడీమేడ్ సూటు ఒకటి విప్పి చూడండి. ముందు భాగమంతా గమ్ముతో అతికించిన బక్రం అనే బిరుసు గుడ్డ, భుజాన ప్యాడ్, ఒళ్ళంతా పాలిస్టర్ అస్తరు. అది చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. దాని మీద ఎంత ఖరీదైన లినెన్ వేసినా ఏం లాభం? అవన్నీ తీసేసి మగవాళ్ళ కోటును మెత్తబరిచాడని ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీకి పేరు. ఆయన కంపెనీ పెట్టింది 1975లో. కాబట్టి ఇది నిన్న మొన్నటి పిచ్చి కాదు.

అస్తరు లేదు కదా, కూలి తగ్గించమంటారు చాలామంది. నిజానికి పెరగాలి. అస్తరుంటే లోపలి కుట్లు, పోగులు దాని వెనక దాక్కుంటాయి. లేకపోతే ప్రతి కుట్టు అంచుకీ పైపింగ్, అంటే సన్న గుడ్డ పట్టీ చుట్టి కుట్టడం, వేయాలి. చేతుల్లో మాత్రం పల్చటి అస్తరు ఉండాల్సిందే, లేదంటే కోటు తొడిగేటప్పుడు చొక్కా పట్టేస్తుంది.

ఇంకోటి, లూజు అంటే ఒక సైజు పెద్దది కొనేయడం కాదు. భుజం కొలత కచ్చితంగా ఉండాలి, వదులు ఛాతీ దగ్గర, నడుము దగ్గర. భుజం జారిందా, అన్న కోటు తమ్ముడు తొడుక్కున్నట్టే.

చీరాల_మగ్గం:
లినెన్ నేసే అవిసె నార యూరప్ నుంచి దిగుమతి కావాలి. మన చీరాల నేత గుడ్డ ఉండగా లినెనే ఎందుకు?

ట్రంకురోడ్డు_టైలర్:
చొక్కాకైతే కళ్ళకద్దుకుంటా. కోటుకు గుడ్డలో బరువుండాలి, లేకపోతే కాలరు నిలవదు, జేబులు వేలాడతాయి. చొక్కా లినెన్ కూడా ఇందుకు పనికిరాదు. బరువైన నేత నూలు దొరికితే తీసుకురండి, సంతోషంగా కుడతా.

ఒంగోలు_బాబాయ్:
ముడతల సంగతో? కుర్చీలో ఒకసారి కూర్చుని లేస్తే లినెన్ నలిగిపోతుంది. పైగా సముద్రం పక్కన గాలిలోనే తేమ, చెమట ఆరేదెట్లా?

ట్రంకురోడ్డు_టైలర్:
రెండూ నిజాలే. నూలు కలిసిన లినెన్ అయితే ముడత కొంచెం తగ్గుతుంది. తేమకు నా దగ్గర మందు లేదు. రెండో చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి పక్కన పెట్టుకోమంటా.

కావలి_పెళ్ళికొడుకు:
కుట్టించేస్తున్నా అన్నా. నాన్నకూ ఒకటి, ఆయనకు చెప్పకుండా.

ట్రంకురోడ్డు_టైలర్:
కత్తెర పెట్టకముందే గుడ్డ నీళ్ళలో నానబెట్టి ఆరేయించు, తర్వాత కుంచించుకుపోదు. నాన్నకు చెప్పకుండా అంటే కొలతలు ఎట్లా? ఆయన పాత కోటు ఏదైనా ఉంటే పట్రా.

ఒంగోలు_బాబాయ్:
ఆ డబ్బులు పెట్టి హాలుకు కూలర్లు పెట్టించు అబ్బాయ్, చుట్టాలు దీవిస్తారు.