రాత్రి డ్యూటీ చేసేవారు మౌన ప్రార్థనకు సమయం ఎలా కుదుర్చుకుంటున్నారు?

నెల్లూరు సిస్టర్:
అందరికీ వందనాలు. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. నెలకు పది పన్నెండు రాత్రి డ్యూటీలు పడతాయి. అవి కాక మంగళవారం గృహకూడిక, బుధవారం స్త్రీల సమాజం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం ఆరాధన, ఆ వెంటనే సండే స్కూలు. వారమంతా ప్రార్థనల్లోనే ఉంటున్నాను గానీ, ఒక్కదాన్నే దేవుని ఎదుట మౌనంగా కూర్చుని ఎన్ని నెలలైందో చెప్పలేను. మొన్న ఉదయం డ్యూటీ దిగి వచ్చి మోకరించి ‘పరలోకమందున్న మా తండ్రీ’ అన్నంతవరకే గుర్తుంది. మెలకువ వచ్చేసరికి మంచం పట్టె అచ్చు చెంప మీద పడి ఉంది. ఇలా నిద్రపోవడం తప్పంటారా? ఇంట్లో మూడేళ్ల పిల్లవాడు ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో కూడా దయచేసి చెప్పండి.

ఒంగోలు మాస్టారు:
సహోదరీ, సమయం దొరకదు, మనమే తీసుకోవాలి. నేను 31 సంవత్సరాలుగా తెల్లవారుజామున నాలుగు గంటలకు లేస్తున్నాను. బడికి సైకిలు మీద పదకొండు కిలోమీటర్లు తొక్కిన రోజుల్లో కూడా తప్పలేదు. మా ఊళ్లో ప్రార్థనా కొండ ఉన్నదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జువెట్ దొరగారు, దొరసానిగారు ఆ కొండ ఎక్కి ప్రార్థించారు. వారు నిద్ర చాలలేదని పడుకుని ఉంటే ఈ రోజు మన సంఘాలు ఎక్కడ ఉండేవి? నాలుగు గంటలకు లేవలేనివారికి మౌన ప్రార్థన అబ్బదని నా అనుభవం.

చెరువుగట్టు:
మాస్టారూ, నమస్కారం. మాది అల్లూరు వైపు. నాకు ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. నాలుగు గంటలంటే మీకు ప్రార్థనా సమయం కావచ్చు గానీ, మాకు గుండె దడదడలాడే సమయం. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, తెల్లవారేముందు అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లను చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్ చక్రాలు ఆగితే, జనరేటర్ అందుకునేలోపే రొయ్య పైకి తేలుతుంది. నేను ఆ గంటలో కళ్లు మూసుకున్నా చెవులు మాత్రం చక్రాల చప్పుడు మీదే ఉంటాయి. అందుకని నాకు మౌన ప్రార్థన అబ్బదని మీరెలా తేలుస్తారు? నేను మధ్యాహ్నం రెండింటికి మేత చల్లించాక, షెడ్డులో బస్తాల మీద ఇరవై నిమిషాలు కూర్చుంటాను. ఏడేళ్లుగా అదే నా గది.

ఒంగోలు మాస్టారు:
తమ్ముడూ, అడిగినది మౌన ప్రార్థన గురించి; రొయ్యల గురించి కాదు. వేకువనే, ఇంకా చాలా చీకటి ఉండగానే యేసు ప్రార్థించడానికి లేచి వెళ్లాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. దానికి మీరు జవాబు చెప్పండి.

చెరువుగట్టు:
అదే మార్కు నాలుగో అధ్యాయంలో, పడవలోకి నీళ్లు వస్తుంటే కూడా ఆయన తలగడ మీద తల పెట్టి నిద్రపోయాడు. దానికి మీరు జవాబు చెప్పండి.

కనిగిరి మనవరాలు:
మాస్టారుగారి మీద గౌరవంతోనే ఒక సవరణ చెబుతున్నాను. ఆ రోజు కొండ మీద ఉన్నది ఇద్దరు కాదు, అయిదుగురు. జువెట్ దంపతులతో పాటు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువారు ఉన్నారు. మన చరిత్ర మనమే చెప్పుకునేటప్పుడు కూడా మనవాళ్ల పేర్లు జారిపోవడం నాకు కష్టంగా ఉంటుంది. పైగా వారు అక్కడ మౌనంగా ఏమీ కూర్చోలేదు, నోరు విప్పి ప్రార్థించారు. మౌన ప్రార్థనకు ఆ కొండ ఉదాహరణ కానే కాదు.

పొదిలి బ్రదర్:
ఆ కాలంలోనే ఒక క్రైస్తవ నర్సు కొండ ఎక్కి ప్రార్థించిందంటే, నెల్లూరు సిస్టర్‌కు అంతకన్నా ప్రోత్సాహం ఏం కావాలి!

కనిగిరి మనవరాలు:
బ్రదర్, నర్సు అంటే ఆసుపత్రి నర్సు కాదండీ. అది ఒక బోధకుడి పేరు. ఆయన పురుషుడు.

ఒంగోలు మాస్టారు:
అయిదుగురన్న సంగతి నాకు తెలియనిది కాదు, సంక్షిప్తంగా రాశాను. సండే స్కూలు పాఠాలు ముప్పై ఏళ్లు చెప్పినవాడికి తారీఖులు నేర్పనవసరం లేదు. ఆ ప్రార్థనకు ఫలితంగానే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మధ్యాహ్నం కునుకు తీసేవారి వల్ల జరిగిన పని కాదది.

కనిగిరి మనవరాలు:
మాస్టారూ, మీరే ఆ సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు నీళ్లలో దిగడానికి ఆరుగురు బోధకులు ఉన్నా, ఒక్కసారికి ఇద్దరే దిగారు. వాళ్లు అలసిపోగానే గట్టు మీద ఉన్న మరో ఇద్దరు దిగి, వాళ్లను పైకి పంపారు. అంత పని ఉన్న రోజున కూడా అలసినవాడు గట్టెక్కి కూర్చున్నాడు. మన సంఘాల్లో క్వయర్‌కూ సండే స్కూలుకూ స్త్రీల సమాజానికీ అదే సిస్టర్‌ను దింపి, గట్టు మీద మనం నిలబడి ‘ఇంకా తెల్లవారుజామున లేవమ్మా’ అంటున్నాం.

బ్యారన్ కాపరి:
ఈ గొడవ నాకు అంతుపట్టలేదు గానీ, నా సంగతి చెబుతాను. మాది పొగాకు పండే ఊరు. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కొట్టంలోకి ఎక్కించాక ఆరేడు రోజులు నిప్పు దగ్గర మనిషి ఉండాలి. రంగు తిరిగే దశలో తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే ఉండిపోతుంది, ఇక ఏం చేసినా పసుపు రాదు. అందుకని కట్టె పెట్టడం, గాజుపలక దగ్గరికి వెళ్లి థర్మామీటరు చూడడం, వచ్చి నులకమంచం మీద కూర్చోవడం, రాత్రంతా ఇదే పని. రెండు చూపుల మధ్య వచ్చే ఖాళీలో, మాటలు లేకుండా, ఊరికే ఆయన దగ్గర ఉంటాను. బ్యారన్ సీజన్ అయిపోయి ఇంట్లో హాయిగా పడుకున్న నెలల్లో నేను అసలు ప్రార్థించడం లేదన్నది కూడా నిజమే, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

అమ్మగారు:
నేను ఒక పాస్టరుగారి భార్యను, పేరు ఊరు అడగకండి. ఆదివారం అందరికీ విశ్రాంతి దినం. నేను మాత్రం ఆ రోజు తెల్లవారుజామున లేచి, చాపలు పరిపించి, వచ్చినవారికి టీ కాచి, మైకు వైరు సరిచేసి, అందరూ వెళ్లాక ఊడ్చుకుంటాను. సోమవారమైనా కాసేపు కూర్చుందామంటే ‘అయ్యగారు ఉన్నారా’ అని గుమ్మంలో పిలుపు. ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమని ప్రభువు శిష్యులతో చెప్పిన మాటను మనం చెప్పుకుంటాం గానీ, తరువాత జరిగింది ఎవరూ చెప్పరు. వాళ్లు పడవ దిగేలోపే జనం కాలినడకన ముందుగా అక్కడికి చేరుకున్నారు. ఆ విశ్రాంతి చెడిపోయింది. పైగా అయిదువేల మందికి వడ్డన. అయితే అదంతా అయ్యాక ఆయన జనాన్ని పంపివేసి, ఒక్కడే కొండకు వెళ్లాడు. పంపివేయడం నాకు ఇంకా చేతకాలేదు.

నిద్ర సంగతి అడిగావు కదా తల్లీ: బదరీవృక్షం కింద పడి నిద్రపోయిన ఏలీయాను దేవదూత కోప్పడలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నా ఏమీ అనకుండా రెండోసారి కూడా వచ్చి లేపి తినమన్నాడు. నువ్వు నిద్రపో.

పొదిలి బ్రదర్:
అమ్మగారూ, మైకు వైరు పని యూత్ వాళ్లకు అప్పగించరాదా?

అమ్మగారు:
అప్పగించాం. వాళ్లు వచ్చేసరికి రెండో పాట అయిపోతుంది.

నెల్లూరు సిస్టర్:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మగారి మాట చదివి కాసేపు ఏడ్చాను. రాత్రి డ్యూటీ ఉన్న వారాల్లో శనివారం ప్రాక్టీసుకు రానని క్వయర్ లీడరుకు చెప్పాను. ఆయన ముఖం ముడుచుకున్నారు గానీ కాదనలేదు. నిన్న డ్యూటీ దిగాక వెంటనే ఇంటికి వెళ్లకుండా, ఫోను సంచిలో వేసి బస్టాపు బల్ల మీద పది నిమిషాలు కూర్చున్నాను. అయిదుగురు ఆటోవాళ్లు పిలిచారు, కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపాను. మాస్టారుగారూ, మీరు బాధపడవద్దు, మీ నాలుగు గంటలు మీకు ఉండనివ్వండి. పిల్లవాడి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

చెరువుగట్టు:
అక్కా, మా చిన్నది పక్కన కూర్చుని మూడో నిమిషానికే ‘ఆమెన్’ అనేస్తుంది. నేను కళ్లు తెరవకపోతే రెప్పలు వేళ్లతో పైకెత్తి మరీ చూస్తుంది.