మూడు ముక్కలుగా వచ్చిన పెళ్లి ఫోటోలు, తెరుచుకోవడం లేదు

కుట్టుమిషన్ అక్క, కర్నూలు:

అందరికీ నమస్కారం. నాకు కంప్యూటర్ చాలా కొత్త. మా అబ్బాయి వాడి పాత ల్యాప్‌టాప్ ఇచ్చి మూడు నెలలైంది, విండోస్ 10 అని ఉంది. జాకెట్ల లెక్కలు రాసుకోవడం, పాటలు పెట్టుకోవడం వరకే వచ్చు.

మాది పాత ఊర్లో, హంద్రీ నదికి దగ్గర ఇల్లు. 2009 అక్టోబరు వరదలో నా పెళ్లి ఆల్బమ్ బీరువాలోనే నానిపోయింది. నీళ్లు పోయాక పేజీలు విడదీయబోతే బొమ్మలు అవతలి పేజీకి అంటుకుని ఊడొచ్చాయి. ఇన్నేళ్లూ ఆ మాటే ఎత్తలేదు. మొన్న నంద్యాలలో మా పుట్టింటి అటక సర్దుతుంటే బిస్కెట్ల డబ్బాలో నెగటివ్‌లు దొరికాయి! మేనల్లుడు హైదరాబాదులో స్కాన్ చేయించి లింకు పంపాడు. అందులో మూడు ఫైళ్లు. స్క్రీన్ మీద ఉన్నది కాగితం మీద రాసుకున్నా, అదే పెడుతున్నా.

పెళ్లి.పార్ట్1.రార్ – 5,12,000 కేబీ
పెళ్లి.పార్ట్2.రార్ – 3,26,144 కేబీ
పెళ్లి.పార్ట్3.రార్ – 1,90,520 కేబీ

వీటిని తెరవడానికి విన్‌రార్ అనే ప్రోగ్రాం పక్కింటి పిల్లాడు వేసి పెట్టాడు. మొదటిది నొక్కితే కొంతసేపు గీత నడిచి, ఫైలు పాడైందన్నట్టు ఏదో వచ్చి ఆగిపోయింది. రెండోది నొక్కితే ముందు ముక్క నుంచి మొదలుపెట్టమంటోంది. పైగా 40 రోజులే అని చూపిస్తోంది. ఆ తర్వాత ఫోటోలు పోతాయా? పేరు చివర రార్ తీసేసి జేపీజీ అని పెడితే ఫోటో అయిపోతుందని పిల్లాడు అంటున్నాడు. భయమేసి వద్దన్నా. మేనల్లుడికి నైట్ షిఫ్టులు, పదే పదే అడగాలంటే మొహమాటంగా ఉంది.

అనంతపురం తమ్ముడు:

అక్కా, వద్దని మంచి పని చేశారు. రార్ అంటే చాలా ఫైళ్లను కలిపి కట్టిన మూట, పేరు మార్చినంత మాత్రాన లోపల సరుకు మారదు. 40 రోజుల గడువు విన్‌రార్ ప్రోగ్రాముకు, మీ ఫోటోలకు దానితో సంబంధం లేదు. సెవెన్‌జిప్ అని ఇంకోటుంది, 1999 నుంచీ ఉచితమే, అది కూడా రార్ ఫైళ్లు తెరుస్తుంది. దాని సొంత సైటు నుంచే దించుకోండి. వేరే సైట్లలో పెద్ద పెద్ద డౌన్‌లోడ్ బటన్లుంటాయి, వాటి జోలికి పోవద్దు.

ప్రొద్దుటూరు నెట్ సెంటర్:

తమ్ముడు చెప్పింది నిజమే గానీ, ప్రోగ్రాం మార్చినా ఈ ఫోటోలు మొత్తం రావమ్మా. జవాబు మీరు రాసిన అంకెల్లోనే ఉంది. పెద్ద ఫైలును ముక్కలు చేసినప్పుడు చివరి ముక్క తప్ప మిగతావన్నీ ఒకే కొలతలో ఉంటాయి. మొదటిది 5,12,000 అయితే రెండోదీ అంతే ఉండాలి. మీ దగ్గర 3,26,144 దగ్గరే తెగిపోయింది. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ ఆగిందా?

మీకు తెలిసిన పనిలోనే చెప్తా. ఒక గుడ్డ తానును మూడుగా కత్తిరించి పంపారనుకోండి. మధ్య ముక్కలో సగం చిరిగి వస్తే, మిగతా రెండూ బాగున్నా మీరు తాను అతికించలేరు. ఇదీ అంతే.

ముందు ఆ పాత రెండో ముక్కను డిలీట్ చేయండి. ఉంచితే కొత్తగా దించినదానికి పేరు చివర బ్రాకెట్లో 1 చేరుతుంది, అప్పుడు ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టదు. నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. కొత్తది దిగాక కొలత చూసి, మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. మొదటిదాని మీద మాత్రమే రైట్ క్లిక్ చేసి, ఎక్స్‌ట్రాక్ట్ టు అని ఫోల్డర్ పేరు ఉన్న లైను నొక్కండి. ఎక్స్‌ట్రాక్ట్ హియర్ నొక్కితే ఫోటోలన్నీ డౌన్‌లోడ్స్ నిండా చెల్లాచెదురవుతాయి. మిగతా రెండు ముక్కలను ప్రోగ్రామే వెతుక్కుంటుంది.

డిస్కులో ఇంకో రెండు జీబీ ఖాళీ ఉంచుకోండి. జేపీజీ ఫోటోలు ముందే కుదించి ఉంటాయి, మూట కట్టినా పెద్దగా తగ్గవు. మీ మేనల్లుడు కట్టింది పంపే వీలు కోసమే. విన్‌రార్ వాడితే మాత్రం దాని సొంత సైటులో ఉన్న అన్నిటికన్నా కొత్త వెర్షనే ఉండాలి. పాతవాటిలో ఉన్న ఒక ప్రమాదకరమైన లోపాన్ని 2023 ఆగస్టులో 6.23 వెర్షన్‌తో సరిచేశారు, ఆ తర్వాత కూడా లోపాలు బయటపడ్డాయి.

కుట్టుమిషన్ అక్క, కర్నూలు:

అన్నా, మీరన్నది నిజం. రెండోది దిగుతుండగా ఆ రోజు సెల్ డేటా అయిపోయింది. తెల్లారి మూడోది దించి, రెండోది అయిపోయిందనే అనుకున్నా. రాత్రి మళ్లీ దించితే 5,12,000 వచ్చింది. మీరు చెప్పినట్టే చేశా.

171 ఫోటోలు. మా నాన్న పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, భుజం మీద తుండుగుడ్డ, చేతిలో వంటింటి తాళాల గుత్తి. ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టున్నాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇంట్లో రేషన్ కార్డు మీది బొమ్మ తప్ప ఆయనది ఇంకొకటి లేదు. జూమ్ చేస్తే చొక్కా జేబులో పెన్ను కూడా కనిపిస్తోందన్నా. మా అమ్మ తెరకు మొహం ఆనించి చూస్తోంది.

ఇప్పుడు ఆ మూడు ఫైళ్లు తీసేయొచ్చా?

ప్రొద్దుటూరు నెట్ సెంటర్:

చానా సంతోషం తల్లీ. ఇప్పుడే తీయొద్దు. 171 ఫోటోలూ ఒక్కొక్కటి తెరిచి చూడండి, ఏదైనా సగం బూడిదరంగుగా ఉంటే చెప్పండి. అన్నీ బాగుంటే ఫోటోల ఫోల్డర్‌ను రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేసి, ఒకటి నంద్యాలలో పెట్టండి. నెగటివ్‌లను మాత్రం మళ్లీ అటకెక్కించొద్దు, వేడికి పాడవుతాయి. తడి తగలని బీరువా పై అరలో, కవర్లలో ఉంచండి.