మాల్ సెల్లార్‌లో బండి పోయింది, బోర్డు చూపించి చేతులు దులుపుకుంటున్నారు

బండి_బాధ: పొద్దున్నుంచి మాల్‌కీ స్టేషన్‌కీ మధ్య తిరగడమే సరిపోయింది. సెల్లార్‌లో పెట్టిన బండి పోతే మేనేజరు గోడ మీద బోర్డు చూపిస్తున్నాడు, "వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని. ఫుటేజీ పోలీసులు అడిగితేనే ఇస్తాడట. స్టేషన్లోనేమో ముందు మాల్ వాళ్లతో తేల్చుకోమంటున్నారు. అంత బిల్డింగు కట్టుకున్న ఓనరుకి చట్టప్రకారం ఏ బాధ్యతా ఉండదా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సూటిమాట: టోకెన్ ఉందా? తాళంచెవి ఎవరి దగ్గరుంది?

గేటు_డ్యూటీ: ఇలాంటప్పుడు అందరూ గార్డుని తిడతారు, అది ఆపండి ముందు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లోనే వచ్చింది. కేంద్రం నమూనా నియమాల ప్రకారం గార్డుకి 160 గంటల శిక్షణ, అందులో 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డు. ఎంతమందికి ఇస్తున్నారు? పొద్దున చేరినవాడికి సాయంత్రానికి విజిల్ ఇచ్చి సెల్లార్‌లో నిలబెడతారు. ఏజెన్సీ లైసెన్సు ఉందో లేదో కూడా ఓనరు చూడడు. అడగాల్సింది అది.

పాత_ప్లీడరు: గార్డుల సంగతి తర్వాత చూద్దాం. ఆ బోర్డు ఉన్నంతమాత్రాన తప్పించుకోలేరు. ఢిల్లీలో 1998లో ఒక హోటల్ నుంచి కారు పోయింది. తాళం హోటల్ మనిషికే ఇచ్చారు. వేరేవాడు ఆ తాళాలు అందుకుని బండి తీశాడు, పార్కింగ్ చీటీ అడిగితే ఆగకుండా వెళ్లిపోయాడు. 2019లో సుప్రీంకోర్టు ఏమందంటే, బండి మీ చేతికి అప్పగించాక తగిన జాగ్రత్త తీసుకున్నామని మీరే రుజువు చేసుకోవాలి, "ఓనర్ రిస్క్" అని చీటీ మీద రాసుకుంటే సొంత నిర్లక్ష్యం మాసిపోదు. అయితే అక్కడ తాళం అప్పగించారు. మీరే పెట్టుకుని తాళం జేబులో వేసుకుంటే అంత సులువు కాదు.

వినియోగదారుడు: తాళంతో పనేముంది సార్? డబ్బు తీసుకున్నారంటే సేవ. కాపాడకపోతే సేవాలోపం. అంతే.

పాత_ప్లీడరు: అంతే కాదండీ. స్థలం అద్దెకివ్వడం వేరు, వస్తువు అప్పగింత వేరు. డబ్బు కట్టినంతమాత్రాన బండి వాళ్ల అధీనంలోకి వెళ్లిందని తేలదు.

వినియోగదారుడు: మరి టోకెన్ ఎందుకిస్తారు? బయటికెళ్లేటప్పుడు అది తీసుకునే వదలాలనేగా! గేటు దగ్గర ఆపే అధికారం మీదైతే అధీనం మీది కాదంటే ఎలా?

పాత_ప్లీడరు: అది మాత్రం గట్టి వాదనే, కాదనను. కానీ టోకెన్ ఉందని ఆయన చెప్పలేదు కదా.

బండి_బాధ: టోకెన్ నా దగ్గరే ఉంది, డబ్బు కూడా కట్టాను. తాళంచెవి నాదగ్గరే. పోయింది కిందటి నెల. ఇన్సూరెన్సు వాళ్లకి ఇంకా చెప్పలేదు, ఎఫ్ఐఆర్ వచ్చాక చెబుదామని.

సూటిమాట: కిందటి నెలా?! ఇప్పుడా చెప్పేది.

పాత_ప్లీడరు: అయ్యో, వాదన పక్కన పెట్టండి. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు పెట్టి ఫుటేజీ 30 రోజులు దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం ఉంది, తెలంగాణలోనూ ఆంధ్రలోనూ. ఇన్‌స్పెక్టర్ అడిగితే ఇవ్వాలి. ఆ గడువు దాటితే చెరిపేశామంటారు. ఈ రోజే మాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫలానా తేదీ, ఫలానా సమయం, ఎగ్జిట్ గేటు కెమెరా రికార్డు చెరపవద్దని. ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టు. స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదు పైఅధికారికి పోస్టులో పంపండి, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 సెక్షన్ ఆ దారి ఇచ్చింది. ఇన్సూరెన్సుకి కూడా ఈ రోజే చెప్పండి, ఆలస్యాన్ని సాకుగా చూపిస్తారు.

వినియోగదారుడు: వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లొచ్చు. సేవకి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. టోకెన్ ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి.

గేటు_డ్యూటీ: రద్దీ టైములో ఎగ్జిట్‌లో ఒక్కణ్ణే పెడతారు, హారన్లు కొడుతుంటే టోకెన్ చూడకుండా వదిలేస్తాడు. ఆ రోజు డ్యూటీ రిజిస్టరు కూడా అడగండి. ఎంతమందిని పెట్టారో అందులో ఉంటుంది.

సెల్లార్_బాధ_2: మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఇదే గోల. అక్కడ బాధ్యత అసోసియేషన్‌దా, బిల్డర్‌దా?

బండి_బాధ: లెటర్ రాసుకుని వెళ్తున్నా. థాంక్సండీ.