క్రిస్మస్ కలయిక: "నరకం నిత్యమా?" చర్చ ఏర్పాట్లు

సమన్వయం: చర్చ శనివారం సాయంత్రం 4కి పెడదాం. మన మెల్‌బోర్న్‌లో 4 అంటే విజయనగరంలో ఉదయం 10:30. ఆదివారమైతే అక్కడి పెద్దలంతా ఆరాధనలో ఉంటారు, వీడియోలోకి రాలేరు. ముగ్గురు మాట్లాడతారు, మనిషికి 10 నిమిషాలు. శిక్ష నిత్యమని ఒకరు, దుష్టులు చివరికి లేకుండా పోతారని ఒకరు, దేవుడు అందరినీ రక్షిస్తాడని ఒకరు.

వేదిక: ఆ మధ్యలోది ఎందుకన్నా? ఇద్దరే అయితే వాదన రంజుగా ఉంటుంది. ఆఖర్న చేతులెత్తించి ఎవరు గెలిచారో చెప్పేద్దాం.

సమన్వయం: చేతులెత్తించడం వద్దు తమ్ముడూ. మనలో చాలామంది ఇళ్లలో తాతల తరానికి బాప్తిస్మం లేదు. చెయ్యెత్తితే సొంత నాయనమ్మకి తీర్పు చెప్పినట్టుంటుంది. మధ్యలోదీ ఉండాలి. ఇంగ్లండు ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ అంతటివాడే 1988లో అటు మొగ్గాడు.

కరపత్రం: నిత్యశిక్ష గురించిన మత్తయి 25:46, క్రీస్తులో అందరూ బ్రతికించబడతారన్న 1 కొరింథీ 15:22 పక్కపక్కనే అచ్చు వేస్తున్నాను. ఎవరికి కావలసిన వచనం వాళ్లు చదివి రెండోది దాటేయకూడదు కదా. కింద చరిత్ర నాలుగు ముక్కల్లో: మూడో శతాబ్దంలో సంఘ పండితుడు ఓరిజెన్ దేవుడి శిక్ష బాగుచేయడానికే అన్నాడు. నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ కూడా దాదాపు అదే అన్నాడు. ఆ తర్వాత బిషప్ ఆగస్టీన్ ఒప్పుకోలేదు. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఓరిజెన్ని పేరుపెట్టి ఖండించింది. గ్రెగొరీ మాత్రం పునీతుడిగానే ఉండిపోయాడు! ఇది అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు, ముగ్గురూ సిద్ధంగా రండి.

విజయనగరం నుంచి: మా నాయనమ్మ ఏటా పైడితల్లమ్మ సిరిమానుకి వెళ్లేది. యేసు పేరు ఎరగదు. ఆవిడ ఎక్కడుందని అడిగితే, ప్రార్థన చేసుకోమన్నారు. అదేటి జవాబు? ఈ ప్రశ్నని చివర్లో రెండు నిమిషాల్లో కానిచ్చేయకండి బాబూ.

సమన్వయం: దాంతోనే మొదలెడదాం మావయ్యా. మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలోనూ ఇదే బాధ. జపాన్‌లో కొత్త విశ్వాసులు, చనిపోయిన తల్లిదండ్రులకి ఇక విముక్తి లేదని విని ఏడ్చారట. తమ తప్పు లేకుండా సువార్త తెలియకపోయినా, మనస్సాక్షి చెప్పినట్టు దేవుణ్ణి వెదికినవాళ్లకి రక్షణ దొరకవచ్చని కతోలికుల రెండో వాటికన్ సభ 1964లో రాసింది. మన శ్రీకాకుళం కతోలిక మేత్రాసనం (బిషప్ పరిధి) కుటుంబాల్లో ఎవరైనా ఆ మాట చెబితే బాగుంటుంది. మన దగ్గర బాప్టిస్టులు ఎక్కువ కాబట్టి అది చాలామందికి కొత్తే.

వేదిక: మరి న్యాయం సంగతి? డెబ్భై ఏళ్ల తప్పుకి అంతులేని శిక్షేంటని కుర్రాళ్లు అడుగుతారు.

సమన్వయం: తప్పు అనంతుడైన దేవుడి మీద చేసింది కనుక, అని మొదటి పక్షం జవాబు. నాకది సరిపోదు, కానీ ఆ పక్షం మాట్లాడే ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వాలి. మధ్యలో మైకు లాక్కోవద్దు.

భోజనాలు: పిల్లల్ని పక్కగదిలో నక్షత్రాల పనికి కూర్చోబెడతాను, నాకు ఇద్దరు కావాలి. పులిహోర మాదే. కోడికూర ఎవరు తెస్తారో రేపటికల్లా చెప్పండి, ఈసారి ముగ్గురు తెస్తే మిగిలిపోతుంది.