సీతాఫలాలకు కొండెక్కే నాన్నకు ఎలుగుబంటి భయం. పిస్టల్ లైసెన్స్ పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. సీతాఫలాల కాలంలో నాన్న తెల్లవారకముందే కొండెక్కుతారు. పోయిన వారం చెదపుట్ట తవ్వుతున్న ఎలుగుబంటి, పిల్లతో సహా, ఇరవై అడుగుల దూరంలో ఎదురైంది. ఆయన అరవకుండా, పరిగెత్తకుండా మెల్లగా వెనక్కి నడిచి వచ్చేశారు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ టెన్షనే. అమ్మయితే ఆయన దిగొచ్చేదాకా పొయ్యి వెలిగించదు.

అమెరికాలో మోంటానాలో ఉండే మా బావ, వేటకు వెళ్తే గ్రిజ్లీ ఎలుగుబంట్ల భయానికి నడుముకు పిస్టల్ పెట్టుకుంటాడు, బేర్ స్ప్రే (ఎలుగుబంటి మొహం మీద కొట్టే మిరప ఘాటు స్ప్రే) కూడా. "మామయ్యకూ లైసెన్స్ తీయించు" అంటున్నాడు. మనకు వేటే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. ప్రాణం మీదికొస్తే ఆత్మరక్షణకు 11వ సెక్షన్ ఉందని చదివాను. అయినా పొదల్లోంచి ఒక్కసారిగా మీదపడే జంతువును మసక వెలుతురులో పిస్టల్‌తో ఆపగలమా? గాయపడితే ఇంకా రెచ్చిపోదా? దాన్ని చంపాలని నాకు లేదు. నాన్న క్షేమంగా దిగొస్తే చాలు.

కొండ కింద ఉండేవాళ్లు మీరేం చేస్తున్నారు? కర్రకు గజ్జెలు కట్టి చప్పుడు చేసుకుంటూ పోతే సరిపోతుందా? బేర్ స్ప్రే మన దగ్గర దొరుకుతుందా? ఇలాంటి కారణంతో ఆయుధ లైసెన్స్‌కు అర్జీ పెట్టినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.