1974 బుల్లెట్ ముందు బ్రేకు: 7 అంగుళాల డ్రమ్మా, డిస్కా?

కిక్‌రాడ్ వైజాగ్

అందరికీ నమస్తే. మా పెదనాన్నగారి 1974 బుల్లెట్ 350 ఈ మధ్యే నా చేతికొచ్చింది. ఇంజన్ పని అయిపోయింది, రెండో కిక్కుకే స్టార్ట్ అవుతోంది, గొడవంతా బ్రేకుతోనే. ముందు, వెనక రెండూ 6 అంగుళాల డ్రమ్ములే. 40 స్పీడులో పర్వాలేదు గానీ 60 దాటిందంటే లివర్‌ని హ్యాండిల్‌కి ఆనేదాకా పిండినా బండి తనకి బుద్ధి పుట్టిన చోట ఆగుతోంది.

ఒక మెకానిక్ పాత ఫోర్కుకే (ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్లు) పట్టీ వెల్డింగ్ చేసి డిస్కు క్యాలిపర్ (డిస్కుని నొక్కి పట్టే భాగం) బిగించేస్తానంటున్నాడు, రెండు రోజుల పనేనట. ఇంకో షెడ్డు ఆయన డిస్కు ఎందుకు బాబూ, 7 అంగుళాల రెండు క్యాముల (లోపలి బ్రేకు షూలని డ్రమ్ముకి నెట్టే మీటలు) డ్రమ్ము వేసుకుంటే చాలు అంటున్నారు. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు. నా వాడకం అంటే వారానికోసారి భీమిలి దాకా, చలికాలంలో మా ఆవిడతో అరకు వెళ్లాలని ఆశ. బండికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయిద్దామనుకుంటున్నాను, డిస్కు వేస్తే దానికేమైనా అడ్డమా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

లేత్ మావయ్య

ముందు ఒక మాట. వెల్డింగ్ పట్టీ సంగతి ఇక్కడితో వదిలెయ్యండి. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రం లాగే బలమంతా ఆ పట్టీ మీదే పడుతుంది, వెల్డింగ్ వేడికి ఫోర్కు కాలు ఎంత బలహీనపడిందో పైకి చూస్తే తెలియదు, ఊడితే సరిగ్గా మీకు బ్రేకు బాగా కావాల్సిన క్షణంలోనే ఊడుతుంది. క్యాలిపర్ వెళ్లి స్పోకుల్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. రెండు రోజుల్లో చేస్తానన్న ఆయనకి దండం పెట్టి వచ్చెయ్యండి.

రెండోది, మీ 6 అంగుళాల బ్రేకు గొప్పదని నేను అనను, కానీ మీరు చెప్పినంత అధ్వానంగా మాత్రం ఉండదు. 60 లో ఆగడానికి 40 కంటే రెండింతల పైనే దూరం కావాలి, అది ఏ బ్రేకుకైనా తప్పదు. అయినా లివర్ హ్యాండిల్‌కి ఆనుతోందంటే బ్రేకు సైజు కాదు, లోపల ఏదో పోయింది. కొత్తది కొనేముందు చక్రం విప్పి చూడండి. లైనర్ల మీద, అంటే షూల మీద డ్రమ్ముకి రాసుకునే పొర మీద, గ్రీజు మరక ఉందా? బేరింగ్ సీలు పోతే గ్రీజు లోపలికి కారుతుంది, ఒకసారి లైనర్ గ్రీజు పీల్చిందంటే పెట్రోలు పోసి కడిగినా, ఎమిరీ పేపరు రుద్దినా లాభం లేదు, పారేసి కొత్తవి వేయించుకోవడమే. అన్నట్టు పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ములో దుమ్మును గాలిపైపుతో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

తర్వాత క్యామ్ లివర్, అంటే క్యామ్‌ని తిప్పే బయటి మీట చూడండి. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబుల్‌కీ ఆ లివర్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గరగా రావాలి. లైనర్లు, క్యామ్ అరిగిపోతే లివర్ 90 దాటి ముందుకి పోతుంది, అప్పటినుంచి మీరు ఎంత పిండినా సగం బలం కేబుల్ లాగడానికే సరిపోతుంది. చాలామంది కేబుల్ నట్టు తిప్పి ఫ్రీప్లే (లివర్ ఖాళీ కదలిక) తగ్గించి పని అయిపోయిందనుకుంటారు. అయిపోదు.

చక్రం మళ్లీ ఎక్కించేటప్పుడు యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించేముందు ఎవరిచేతైనా బ్రేకు లివర్ గట్టిగా పట్టించండి, షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి, అలా పట్టి ఉంచే నట్టు బిగించాలి. ఖర్చు లేని పని, తేడా మాత్రం చేతికి తెలుస్తుంది.

ఘాట్‌రోడ్ బుల్లెట్

మావయ్య చెప్పినవన్నీ కరెక్టే గానీ నేను డిస్కు పార్టీ. అరకు అంటున్నారు, వెనక మనిషి కూడా. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కితే లివర్ మెత్తబడుతుంది, పట్టు జారిపోతుంది, ఆ మలుపుల్లో ఆ టెన్షన్ ఎందుకండీ? డిస్కు గాలిలో బయటికే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది.

అయితే వేస్తే పద్ధతిగా వెయ్యాలి. పాత ఫోర్కు కాలికి క్యాలిపర్ బిగించే చెవులు ఉండవు కాబట్టి, తర్వాత వచ్చిన డిస్కు మోడల్ బుల్లెట్ల నుంచి ముందు భాగం మొత్తం సెట్టుగా తెచ్చుకోండి: ఫోర్కు కాళ్లు, హబ్బు, 280 ఎంఎం డిస్కు, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్, హోసు, యాక్సిల్. ఒక్కో ముక్కా ఒక్కో చోట కొని కలుపుదామంటే ఎక్కడో ఒకచోట స్పేసర్ (మధ్య ఎడం సరిచేసే రింగు) తేడా వచ్చి డిస్కు క్యాలిపర్ మధ్యలోకి రాదు. సెకండ్ హ్యాండ్ సెట్టు అయితే హోసు మార్చండి, సీల్ కిట్టు వేయండి, ఫ్లూయిడ్ కొత్తది పోయండి. పాత సెట్టును ఆయిలు రాసి గోనెలో చుట్టి దాచుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒరిజినల్ చేసుకోవచ్చు.

పాతఇనుము

రాజమండ్రి నుంచి. వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. 2021 లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేయనివే వింటేజ్ కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, నంబరులో వీఏ అని అక్షరాలు వస్తాయి. బ్రేకు అనే మాట ఆ జాబితాలో లేదు, నిజమే, కానీ ముందు భాగం మొత్తం వేరే మోడల్‌ది పెట్టుకుని వెళ్లి ఇది అసలు రూపమే అంటే చూసే అధికారి ఏమంటారో ఊహించుకోండి.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. వింటేజ్ కింద చేయించాక బండిని రోజువారీ వాడకానికి తీయకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు కొట్టించుకోవడం, రిపేర్లు, అంతవరకే. అంటే మీ భీమిలి షికార్లు, అరకు ప్రయాణం ఒకవైపు, వీఏ నంబరు ఒకవైపు. బండి నడపాలనుంటే మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ వెళ్లండి. ముందు ఇది తేల్చుకుంటే బ్రేకు సంగతి సగం అదే తేలుతుంది.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీరు రోజూ నడిపేది కొత్త బండే అయ్యుంటుంది, దానికి బ్రేకు కుడికాలు కింద ఉంటుంది. ఈ బండికి కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు. కంగారులో కుడికాలితో కిందికి తొక్కారనుకోండి, ఈ గేర్‌బాక్సులో ఫస్టు పైకి, మిగతావి కిందికి కాబట్టి పై గేరు పడుతుంది, ఇంజన్ పట్టు కూడా పోతుంది! ఏ డిస్కు వేసినా ఈ అలవాటు మారదు. ఖాళీ రోడ్డు మీద ఎడమకాలితో బ్రేకు తొక్కడం అలవాటయ్యేదాకా ట్రాఫిక్‌లోకి వెళ్లకండి.

కిక్‌రాడ్ వైజాగ్

అందరికీ థాంక్స్. చక్రం విప్పించాను. లైనర్ ఒకదాని అంచు నల్లగా జిడ్డుగా ఉంది, రెండోది అద్దంలా మెరుస్తోంది. క్యామ్ లివర్ 90 ఏం ఖర్మ, ఫోర్కు వైపుకి వాలిపోయి ఉంది. టైరు మీద 0811 అని ఉంటే అదేదో మోడల్ నంబరనుకున్నా, 2011 ఎనిమిదో వారంలో తయారైందట, గోరు దిగట్లేదు, చెక్కలా ఉంది. డ్రమ్ము లోపల వేలు పెట్టి తిప్పితే గట్టు తగులుతోంది.

వీఏ నంబరు ఆలోచన మానేశాను, బండి నడపడానికే. డిస్కు సెట్టు ఒకటి చూశాను గానీ హెడ్‌లైట్ డూమ్ కింద ఆ కొత్త కాళ్లు పెట్టి చూస్తే మనసొప్పలేదు, పెదనాన్న చూస్తే తిడతారు. 7 అంగుళాలకే వెళ్దామని ఉంది. దాంట్లో చూసుకోవాల్సినవి ఏమిటి మావయ్యా?

లేత్ మావయ్య

మంచి నిర్ణయం. టైరు ముందు మార్చండి, రోడ్డుని పట్టుకునేది అదే, అది చెక్కలా ఉంటే ఏ బ్రేకైనా చక్రాన్ని లాక్ చేసి జార్చేయడమే.

7 అంగుళాల దాంట్లో రెండు షూలూ తిరిగే డ్రమ్ముతో పాటు డ్రమ్ము వైపుకే లాక్కుంటాయి, అందుకే అంత పట్టు. మీ పాతదాంట్లో ఒక షూయే అలా చేస్తుంది, రెండోదాన్ని డ్రమ్ము వెనక్కి నెడుతుంది. దీనికి ఒక లోటుంది, బండి వెనక్కి జారుతున్నప్పుడు ఇది దాదాపు పట్టదు. సింహాచలం ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో ఆగితే ముందు బ్రేకు మీద ఆధారపడకండి, ఎడమకాలి బ్రేకు పట్టండి.

షూలు బిగించి ఉండే బ్రేకు ప్లేటు, అది తిరగకుండా ఆపడానికి ఫోర్కు కాలి మీద ఉండే ఆపుడు ముక్కలో సరిగ్గా కూర్చుంటుందో లేదో మీ కళ్లతో చూడండి. కూర్చోకపోతే మొదటి గట్టి బ్రేకుకే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, కేబుల్ చుట్టుకుని, చక్రం లాకైపోతుంది. మెకానిక్ సరిపోయిందన్నా మీరు చూడాల్సిందే. హబ్బు పెద్దది కాబట్టి పాత స్పోకులు సరిపోవు, పొట్టివి కావాలి, రిమ్ము చిల్లుల లెక్క కూడా చూసుకోండి.

రెండు క్యాములని కలిపే రాడ్డు మీదే అసలు ఆట ఉంటుంది. దాన్ని విప్పి, రెండు షూలూ ఒకేసారి డ్రమ్ముని తాకేలా పొడవు సరిచేసి బిగించాలి. ఇది చెయ్యకపోతే ఒక షూయే పనిచేస్తుంది, మీరేమో డబ్బులు దండగ అని ఇక్కడికొచ్చి రాస్తారు.

డ్రమ్ము టర్నింగ్ (లేత్ మీద లోపలి వైపు గీయించి సమం చేయించడం) మాత్రం స్పోకులు బిగించి రిమ్ము ఆటలు తీసేశాకే చేయించండి. స్పోకుల లాగుడుకి డ్రమ్ము కోడిగుడ్డులా అవుతుంది, ముందే చేయిస్తే ఆ పని గంగపాలే. టర్నింగ్ తర్వాత డ్రమ్ము లోపలి సైజు పెరుగుతుంది కాబట్టి లైనర్లు కాస్త మందంవి రివెట్ చేయించి, ఆ డ్రమ్ము వంపుకే రుద్దించండి.

కిక్‌రాడ్ వైజాగ్

రిమ్ముతో సహా పట్టే లేత్ ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?

ఘాట్‌రోడ్ బుల్లెట్

గాజువాక ఆటోనగర్‌లో లారీ డ్రమ్ములు తీసేవాళ్లని అడగండి. 19 అంగుళాల రిమ్ము వాళ్ల లేత్ మీద తగలకుండా తిరుగుతుందో లేదో ముందు టేపు పెట్టి చూసుకోండి, టైరు విప్పి తీసుకెళ్లండి.