నాన్న రిపోర్టులో "ప్రయత్నం సరిపోలేదు" అని రాశారు. నటిస్తున్నట్టా?

వానచినుకు:
నాన్నకి అల్జైమర్స్ అని తేలి మూడేళ్లయింది. ఈమధ్య మళ్లీ జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించాం. టామ్ అనే బొమ్మల పరీక్ష రెండో విడతలో 50కి 38 వచ్చాయి. "45 రాలేదు, ప్రయత్నం సరిపోలేదు, మిగతా స్కోర్లూ నమ్మలేం" అని రాసిచ్చారు. అది చదివినప్పటి నుంచి అన్నయ్య, నాన్న కావాలనే చేస్తున్నారంటూ కసురుకుంటున్నాడు. మొన్న నాన్న చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుని, తేడా ఎక్కడొచ్చిందో తెలియక పైనుంచి కిందికి తడుముకుంటూ నిలబడిపోయారు. ఈ మనిషి నటిస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

మెట్లదారి:
నేను న్యూరోసైకాలజిస్ట్‌నమ్మా, ఈ పరీక్షలు పెట్టడమే నా పని. మీ అన్నయ్యకి ఇది చూపించండి: 38 చూసి నటన అనడానికి వీల్లేదు.

ఆ పరీక్షలో 50 బొమ్మలు ఒక్కోటి మూడు సెకన్లు చూపిస్తాం. తర్వాత రెండేసి బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఇందాక చూసింది ఏదో చెప్పమంటాం. కష్టంగా కనిపిస్తుంది కానీ తలకి దెబ్బ తగిలినవాళ్లలో కూడా చాలామంది సులువుగా 45 దాటేస్తారు. అందుకే నష్టపరిహారం కేసుల్లో, మనసు పెట్టి చేస్తున్నారా నటిస్తున్నారా అని చూడటానికి దీన్ని బాగా వాడతారు. అల్జైమర్స్ సంగతి వేరు. అది తొలి రోజుల్లోనే దెబ్బతీసేది కొత్త విషయాన్ని నిలుపుకునే మెదడు భాగం, హిప్పోకాంపస్‌ని. జబ్బు ముదిరేకొద్దీ, ఎంత మనసు పెట్టినా 45 అందనివాళ్లు ఎక్కువవుతారు. అంకెలు తిరిగి చెప్పించే పరీక్షతో ప్రయత్నాన్ని కొలిచినా ఇదే చిక్కు.

ఇంకో లెక్క చూడండి. బొమ్మ చూడకుండా ఏదో ఒకటి చెప్పినా సుమారు 25 వస్తాయి. ఏ 15కో పడిపోతే, సరైనది తెలిసే తప్పు చెప్పారేమో అని ఆలోచించాలి. 38 ఊహించి చెబితే వచ్చేది కాదు. ఆయన కూర్చుని చూశారు, చాలా బొమ్మల్ని గుర్తుపట్టారు కూడా.

నటనను నిర్ధారించడానికి 1999లో స్లిక్, షెర్మన్, ఐవర్సన్ ఇచ్చిన ప్రమాణాల్లో, ఆ ఫలితానికి నాడీ సంబంధ జబ్బే కారణం కాదని తేలాలన్న షరతు ఉంది. పైగా నటిస్తే ఏదో లాభం ఉండాలి. మీ నాన్నగారికి ఏం లాభం?

పొద్దుతిరుగుడు:
మావారికి పార్కిన్సన్స్ అండి. మాత్ర పవర్ దిగిపోయే వేళకి పరీక్ష పెట్టారు. ప్రతి ప్రశ్నకీ "తెలీదు" అన్నారట. తర్వాత మాత్ర పనిచేసే టైముకి పెడితే నిదానంగానైనా చెప్పారు. ఆసక్తి చచ్చిపోవడం కూడా ఈ జబ్బులో భాగమేనని అప్పుడే డాక్టరు చెప్పారు. అంతకుముందు నేనూ మొండితనం అనే అనుకునేదాన్ని.

వానచినుకు:
మీ ఇద్దరికీ చాలా థాంక్స్. రిపోర్టు మార్చమని అడగొచ్చా?

మెట్లదారి:
మార్చమనకండి, వివరణ అడగండి. 45 అనే హద్దుని డిమెన్షియా ఉన్నవాళ్ల స్కోర్లతో పోల్చి చూశారా, డిప్రెషన్, నిద్రలేమి, చూపు, వినికిడి పరిశీలించారా అని అడగండి. అయితే ఒకటి, మిగతా స్కోర్లని జాగ్రత్తగా చదవాలన్నంత వరకు వాళ్ల మాట సబబే. అలసిపోయి చేసినా స్కోర్లు పడిపోతాయి. మళ్లీ పెడితే పొద్దున, మధ్యలో విరామాలిస్తూ పెట్టమనండి. మూడేళ్ల కిందటి రిపోర్టు ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఒక్క రోజు స్కోరు కంటే, అప్పటికీ ఇప్పటికీ ఏ సామర్థ్యం ఎంత తగ్గిందన్నదే డాక్టరుకి ఎక్కువ ఉపయోగపడుతుంది.